ముట్టని కాఫీ

"కాఫీ తాగు. తాగి వెళ్ళిపో," అన్నాడు ముత్లక్.

ముసలాయన కప్పు అందుకున్నాడు. పెదవులకు తాకించకుండా తన ముందు చాపమీద పెట్టాడు.

ముత్లక్ ముఖం ఎర్రబడింది. ఏదైనా అడగడానికి వచ్చిన అతిథి, ఇంటివాళ్ళు సరే అనేదాకా కాఫీ ముట్టడు. "తాగండి, మీరొచ్చిన పని అయినట్టే" అని ఇంటివాళ్ళు అన్నాక ఇక ఆ మాటకు తిరుగులేదు. కరక్ కొండల్లో అది పసివాళ్ళకు కూడా తెలుసు.

గోడవారగా కూర్చున్న అతని వదిన నౌఫా ఆ కప్పునే చూస్తోంది. సంతలో దొరికిన బాంబును జనానికి దూరంగా మోసుకుపోతూ ఆమె కొడుకు హైసమ్ చనిపోయాడు. ఆ బాంబు పెట్టిన రాకాన్‌కు తండ్రి ఈ ముసలాయన. రాకాన్‌కు ఉరిశిక్ష పడింది. తల్లి క్షమించానంటే అది యావజ్జీవం కావచ్చని వకీలు చెప్పి వెళ్ళాడు.

"ఇలాంటి పనికి పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని రావాలని తెలీదా?" అన్నాడు ముత్లక్.

"అడిగాను నాయనా. ఎవరూ రానన్నారు."

"ఎందుకొస్తారు? అసలు నిన్నేమని పిలవాలి? పెద్దకొడుకు పేరుతో 'అబూ రాకాన్', రాకాన్ తండ్రీ, అనాలా? నా నోరు పుండు పడుతుంది."

"అనొద్దు. మా ఊళ్ళోనూ మానేశారు."

ముత్లక్ నౌఫా వైపు తిరిగాడు. "వదినా, నువ్వు మెత్తబడకు. మనవాడు మట్టిలో ఉంటే వాడు జైల్లో పూటపూటా తింటూ గడ్డం నెరిసేదాకా బతకాలా?"

"తాడు ఒక్క క్షణం పని ముత్లక్. బతికుంటే వాడికి రోజూ తెల్లవారుతుంది. రోజూ హైసమ్ గుర్తొస్తాడు."

"రాకపోతే? వాడికి మనసుందనుకున్నావా?"



"రాకపోతే రాకపోనీ. ఇంకో తల్లి గుమ్మంలో శవాన్ని దించమని నా నోటితో నేను చెప్పలేను. ఆ బరువు నాకు తెలుసు."

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నేను వచ్చింది..."

"చెప్పొద్దు పెద్దాయనా." నౌఫా చెయ్యెత్తింది. "ఇంత వయసులో నువ్వు నా ముందు దేబిరిస్తుంటే చూడలేను. తాగు. నువ్వొచ్చిన పని అయినట్టే."

"వదినా!" ముత్లక్ నెత్తి కొట్టుకున్నాడు. "అడగకముందే ఇచ్చేశావా!"

ముసలాయన రెండు చేతులా కప్పు పట్టుకుని, చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేశాడు. ముఖంలో సంతోషం లేదు. బహుశా సిగ్గేమో అనుకుంది నౌఫా. ఆమె గుండెలో మాత్రం చాలాకాలం తర్వాత ఏదో కాస్త సడలింది.

"నిశ్చింతగా వెళ్ళిరా. క్షమించానని ఈ రోజే వకీలుకు చెబుతాను."

"చెప్పకు తల్లీ," అన్నాడు ముసలాయన. "నేను అడగడానికి వచ్చింది అదే. రాకాన్‌ను చూడ్డానికి వారం వారం జైలుకెళ్ళి వస్తున్న నా చిన్నకొడుకు, ఇప్పుడు అచ్చం వాడిలాగే మాట్లాడుతున్నాడు."