సాసరంత బటన్

“మనసులో ఏమనుకుంటే అది పైకి చెప్పేయండి పిన్నిగారూ. నేను మధ్యలో మాట్లాడను,” అన్నాడు బటన్ల అబ్బాయి.

ప్రతి గురువారం ఈ మాటతోనే మొదలుపెడతాడు. అబ్బాయంటే మరీ అబ్బాయేం కాదు, చెవుల దగ్గర నెరిసినవాడే. వీడియోలు కత్తిరించి అతికించే సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో గీయడం అతని ఉద్యోగం. గీసింది ఏమీ తెలియనివాళ్లకు కూడా అర్థమవుతోందో లేదో చూడాలంటే, ఏమీ తెలియని మనిషి ఒకరు కావాలి. ఆ పదవి ఆమెది. కిందటేడు కాక ఆ ముందటేడు వానాకాలంలో లైబ్రరీ గోడ మీద ప్రకటన చూసి వచ్చింది.

పని ఒకటే. తెర మీద ఓ పిల్ల సైకిల్ తొక్కుకుంటూ వచ్చి చివర్లో పడిపోతుంది. ఆ పడిపోవడాన్ని కత్తిరించేసి, మిగిలింది సేవ్ చెయ్యాలి. ఎవరూ చెప్పకుండా ఆమె సేవ్ చేసిన రోజున డిజైన్ పాసైనట్టు. ఇక పరీక్షలుండవు, ఆమె రానక్కర్లేదు. ఈ సంగతి అతను మొదటిరోజే చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

ఎందుకంటే ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఊరందరి మాటలూ కలిపింది గానీ, తను అన్నది మాత్రం ‘లైన్లో ఉండండి’ ఒక్కటే. ఇప్పుడు అదీ లేదు. ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటుంది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. అలాంటి మనిషిని కూర్చోబెట్టి, మనసులో ఉన్నదంతా చెప్పండి, నేను అడ్డురాను అంటే, ఆవిడకు సేవ్ బటన్ ఎందుకు కనిపిస్తుంది?

నిజానికి రెండో గురువారమే కనిపించింది. అప్పుడది చొక్కా గుండీ అంత ఉండేది. కనిపించలేదంది. పాపం, రూపాయి బిళ్లంత చేశాడు. కనిపించలేదంది. పచ్చరంగు పూశాడు. అబ్బే. ఈమధ్య అది సాసరంత అయి, సైకిల్ పిల్లను సగం కప్పేస్తోంది. తెర మూలన ఉండే పిచ్చుక బొమ్మ, ఆ సాఫ్ట్‌వేర్ గుర్తు, దాని వెనకాల నక్కినట్టు ఉంది.

“కత్తెర బొమ్మ నొక్కాను,” అంది ఆమె పైకి. “కత్తెరంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా అక్క నా జడ కత్తిరించేసింది. నేను నిద్రపోతుంటే.”

“ఎందుకని?”

“మధ్యలో మాట్లాడనన్నావుగా.”

అతను నవ్వి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు. ఒళ్లో కాగితాలున్నాయి గానీ పెన్ను మూత తియ్యలేదు. తీసి చాలాకాలమైంది. ఒకప్పుడు అద్దం గోడ అవతల మేనేజరుతో సహా అందరూ కూర్చుని ఆమెను గమనించేవారు. ఇప్పుడక్కడ లైటు లేదు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. కెమెరా మీద ఎర్ర దీపం వెలగడం లేదు. టీ తెచ్చే మనిషి కూడా రావడం మానేశాడు. ఇతనే రెండు కప్పులు జాగ్రత్తగా పట్టుకొస్తాడు.

మీవాళ్లంతా ఏమయ్యారని పోయినవారం అడిగింది. పై అంతస్తులో వేరే పనికి వెళ్లిపోయారన్నాడు. మరి నువ్వో అంటే, కప్పులోకి చూస్తూ, ఈ పని తేలాలి కదండీ అన్నాడు.

ఆ మాట వారమంతా ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. కబుర్లకు మొహంవాచి, ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చింది తను. అందరూ ఒడ్డున పడ్డారు. ఇతనొక్కడూ ఒక మొద్దు ముసలమ్మను నమ్ముకుని ఇక్కడే ఉండిపోయాడు. ఇంతకంటే పాపం ఉంటుందా? గురువారాలు పోతే పోయాయి. రేడియో కొనుక్కోవచ్చు.

“అక్క ఎందుకు కత్తిరించిందంటే...” అని ఆగింది. మౌస్ జరిపింది. “ఇదిగో సేవ్. ఇక్కడే ఉంది.”

నొక్కింది. సైకిల్ పిల్ల పడిపోకుండా ఆగిపోయింది. ‘భద్రపరచబడింది’ అని వచ్చింది తెర మీద.

అతని మొహం వెలుగుతుందనుకుంది. అతను తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు, టీ కప్పు కింద పెట్టాడు.

“పొరపాటున తగిలిందేమో పిన్నిగారూ.”

“లేదు నాయనా. చూసే నొక్కాను.”

“ఒక్కసారి నొక్కితే లెక్కలోకి రాదండీ.” గొంతు సవరించుకున్నాడు. “పైగా ఇంకో బటన్ ఉంది. చేసింది రద్దు చేసేది. అది చాలా కష్టం.”

“ఎంత కష్టం?”

“వేసవి దాకా పట్టొచ్చు.”

ఎంత నిక్కచ్చి మనిషి అనుకుంది ఆమె. లోపల ఎగిరి గంతేస్తున్న ప్రాణాన్ని పైకి కనబడనివ్వకుండా సంచీ భుజాన వేసుకుంది. లిఫ్టు తలుపు మూసుకుంటుంటే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“అక్క జడ ఎందుకు కత్తిరించిందో వచ్చేవారం మర్చిపోకుండా చెప్పండి.”

బస్సులో పక్కసీటు కాలేజీ పిల్ల ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో పెళ్లి వీడియో కత్తిరిస్తోంది. ఆమె కళ్లు అటు పోయాయి. అదే పిచ్చుక. అదే కత్తెర. పచ్చ బటన్ మాత్రం రూపాయి బిళ్లంతే ఉంది.

“ఇది ఇంకా తయారవుతోంది కదమ్మా, నీకెలా దొరికింది?” అంది, తెలిసినదాని గర్వంతో.

పిల్ల చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, ఆమె వంక వింతగా చూసింది.

“ఇది మార్కెట్లోకి వచ్చి ఏడాది దాటింది ఆంటీ.”