యేసమ్మ సాక్ష్యం

"ఆ వీడియో గ్రూపుల పెట్టకున్రి అయ్యగారూ" అంటూ రెబెక్కా చర్చి మధ్యలో లేచి నిలబడింది.

తొండుపల్లి చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ ఎవరూ అలా అడ్డు తగలరు. ఆమె అత్త యేసమ్మ అప్పుడే సాక్ష్యం చెప్పి ముగించింది. ప్రార్థన మీద భారం వేసి షుగరు గోళీలు మానేసిందట, నిన్నటి రక్తపరీక్షలో షుగరు మామూలుగా ఉందట. జనం హల్లెలూయ అంటూ చేతులెత్తారు. పాస్టరు జయశీలన్ అదంతా ఫోనులో తీశాడు. రిపోర్టులో ఉన్నది అబద్ధం కాదు, అసలు చిక్కంతా అదే.

ఎందుకు పెట్టొద్దని పాస్టరు అడిగాడు.

"అది చూసి ఎవలన్న మందులు బంద్ జేస్తే పానం పోతది."

యేసమ్మ గిరుక్కున తిరిగింది. "దేవుడు నన్ను బాగుజేసిండంటే నీ కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నవేందే? నీకు విశ్వాసం లేకుంటే ఇంట్ల కూసో."

దీనికి సైతాను పట్టిందని వెనక నుంచి ఒకామె గొణిగింది. మిగతా ఆడవాళ్లు కాదనలేదు సరికదా, రెబెక్కా పక్క నుంచి జరిగి కూర్చున్నారు. సాక్ష్యం నిజం కాకపోతే అసలు నిజమేమిటో ఇక్కడే అందరి ముందూ చెప్పమని పాస్టరు నిలదీశాడు.

ఆ గోళీలను రెబెక్కాయే రోజూ నూరి అత్త తాగే అంబలిలో కలుపుతోంది. ఆ ముక్క బయటపెడితే రేపటి నుంచి ఆ మొండి ముసలిది ఆమె చేతి మంచినీళ్లు కూడా ముట్టదు. మందు అసలే పడదు. అత్త మీద ఆమెకు ప్రేమేమీ పొంగిపొర్లడం లేదు, కానీ చేజేతులా చావనివ్వలేదు కదా. పళ్లు బిగించి కూర్చుంది. జయశీలన్ దర్జాగా వీడియోను వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపేశాడు.

మూడు వారాల తర్వాత రెబెక్కాకు పుట్టిల్లు కొత్తూరు నుంచి తమ్ముడు కరుణ్ ఫోన్ చేశాడు. అమ్మకు సోయి లేదని, దవాఖానలో ఉందని, డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దన్నారని చెప్పాడు.

"షుగరు సూదులు తీసుకుంటలేదా?" అని రెబెక్కా అడిగింది.

"మీ అత్త వీడియో జూసినకాడి నుంచి బంద్ చేసింది. నేనెంత మొత్తుకున్నా ఇనలే అక్కా. ఉత్తమాటైతే మా రెబెక్కా నాకు జెప్పకుంటదా అన్నది."