కంచెకు కట్టిన ఉప్పురాయి

కొట్టంలో ఏ ఆవు దగ్గినా మా ఆయన నావైపే అనుమానంగా చూసేవాడు.

"మీ అన్న అంటగట్టిన ఆవే క్షయ అంటించింది," అంటూ, కొన్న వారానికే దాన్ని మందలోంచి తప్పించి ఇంటి వెనక కట్టేశాడు. అన్నయ్యను గడప తొక్కనివ్వలేదు.

ఇవాళ పశువుల డాక్టరు వచ్చి, మూడు రోజుల కిందట క్షయ పరీక్షకని ఆవుల మెడలకు వేసిన సూదుల దగ్గర వాపు కొలిచాడు.

"ఇంటి వెనకది ఒక్కటే బాగుంది. మిగతా నాలుగింటినీ వదులుకోవాల్సిందే."

"మరి రోగం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అన్నాడు మా ఆయన.

డాక్టరు అడవివైపు కంచెకు వేలాడుతున్న ఉప్పురాయిని తిప్పి చూశాడు. మా ఆవులు నాకే వైపుకన్నా అవతలివైపే ఎక్కువ అరిగింది.

"జింకలూ నాకుతున్నాయి. వాటినుంచే వచ్చుంటుంది. దీన్ని ఇక్కడ కట్టిందెవరు?"

మా ఆయన నేలచూపులు చూశాడు.

"మా అన్నయ్య మాత్రం కాదండీ," అన్నాను.