తుమ్ముల్లేని ప్రయాణం

చక్రధర్ గడప దాటి కుడికాలు బయట పెట్టాడో లేదో, లోపల్నుంచి భార్య పద్మప్రియ తుమ్మింది. ఒకటి కాదు, వరుసగా ఐదు.

"సర్పంచ్ సాబ్, ఆగుండ్రి!" కారు తలుపు పట్టుకొని నిలబడ్డ ఆశన్న కంగారుపడ్డాడు.

చక్రధర్ వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చొని చెంబెడు నీళ్లు తాగాడు. బయల్దేరేటప్పుడు తుమ్ము వినబడితే అలా కాసేపు కూర్చోందే కదలకూడదని ఆయన పట్టుదల. ఈ నెలలో ఆయన అలా తాగిన నీళ్లు ఊరి ట్యాంకులో కూడా ఉండవు. ఈ లెక్కన ఎల్లారెడ్డిలో మీటింగు ఇవాళ కూడా సగం అయిపోయాకే దొరుకుతుంది.

"ఏందే, జర ఆపుకోరాదు?"

"నేనేమన్న కావాలని తుమ్ముతున్ననా? ఇంటి ముంగట రోడ్డు తవ్వి ఆరు నెలలాయె. దుమ్మంత ఇంట్లనే."

"రోడ్డు సంగతి నాకిడిసిపెట్టు. నీ ముక్కు సంగతి సూస్కో."

అసలు చిక్కు వచ్చే సోమవారం ఉంది. ఆ రోజు కామారెడ్డిలో సభ పెట్టి పరిశుభ్రమైన ఊళ్లకు అవార్డులు ఇస్తున్నారు. వీళ్ల ఊరికీ ఒకటి వచ్చింది. ఎలా వచ్చిందని అడక్కండి, ఫొటోలు తీసినవాడు ఈ వీధిలోకి రాలేదు. చక్రధర్ అప్పుడే కొత్త తెల్లబట్టలు కుట్టించుకున్నాడు. ఆ పొద్దున గనక తుమ్ము వినబడిందా, అంతా గంగలో కలిసినట్టే!

మర్నాడే భార్యను కామారెడ్డిలో డాక్టరుకు చూపించాడు.

"ఏం పని చేస్తారమ్మా?" డాక్టరు ఆమెనే అడిగాడు.

"ఏం చెయ్యది సార్. ఇంట్లనే ఉంటది," అన్నాడు చక్రధర్.

ఇంటి ముందు తవ్విన రోడ్డు సంగతి విని, ఆమెకు దుమ్ము పడటం లేదని, ఇది అలర్జీ అని డాక్టరు తేల్చాడు. పొడి చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవాలి. దుప్పట్లు, దిండు గలీబులు వేడినీళ్లలో ఉతకాలి. బయటికి వెళ్తే మాస్కు పెట్టుకోవాలి. ముక్కులోకి స్ప్రే, మింగడానికి గోలీలు రాసిచ్చాడు. గోలి మాత్రం రాత్రిపూటే వేసుకోవాలి, నిద్ర ముంచుకొస్తుంది అన్నాడు.

"అన్నిటికంటే ముందు ఆ రోడ్డు వేయించండి."

"మంజూరైంది సార్."

చక్రధర్ రోడ్డు తప్ప అన్నీ చేయించాడు. తుడిచిందీ ఉతికిందీ పద్మప్రియే, పాపం. అయినా తుమ్ములు సగానికి సగం తగ్గాయి. ఆ మిగిలిన సగమే చక్రధర్‌కు కంటిమీద కునుకు లేకుండా చేసింది.

సోమవారం పొద్దున చాయ్ తాగగానే గోలి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"రాత్రి ఏసుకోమన్నరు గదా?"

"ఇయ్యాల ఒక్కనాడు పొద్దుగాల ఏస్కో. ఏం కాదు."

ఆమె గోలి చేతిలోనే పట్టుకొని అడిగింది: "నేను గూడ రానా సభకు?"

"ఆ దుమ్ములకా? డాక్టర్ చెప్పింది మర్శిపోయినవా? నీ మంచికే చెప్తున్న."

పద్మప్రియ గోలి మింగింది. తొమ్మిదింటికల్లా గుర్రు వినబడింది. చక్రధర్ ఊపిరి బిగబట్టి గడప దాటాడు. ఎక్కడా చప్పుడు లేదు. ఆశన్న కారు స్టార్ట్ చేశాడు. చక్రధర్ ప్రాణం హాయిగా ఉంది.

కామారెడ్డిలో మొదటి వరుసలోనే కుర్చీ దొరికింది. మధ్యాహ్నానికి మైకులో ఊరి పేరు పిలిచారు. చక్రధర్ కాలరు సర్దుకొని, చప్పట్ల మధ్య మెట్లెక్కి, శాలువా కోసం మెడ వంచాడు.

శాలువా కప్పబోయిన పెద్ద ఆఫీసరమ్మ బల్ల మీది జాబితా చూసి, ఆయన్ని చూసి, మైకులోనే అడిగింది: "మీరెవరండీ? సర్పంచ్ పద్మప్రియ గారు రాలేదా?"