పై వరుసలో చోటు

గునపం రాయికి తగిలి ఖంగుమంది. కృపానిధి ఆగలేదు.

"అక్కడ కాదు బ్రదర్" అన్నాడు బెన్హర్, సమాధుల తోట గేటు దగ్గరి నుంచే. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చంకలో బైబిలు. రాజాం అవతల ఆ ఊరి బాప్టిస్టు సంఘానికి ఆయనే పెద్ద. వెనకాల కమిటీ వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

కృపానిధి తాపీమేస్త్రి. నిన్న సాయంత్రం అతని భార్య సీతమ్మ పోయింది. ఇంటి ముందు ఐస్ బాక్సులో ఉంది. ఎండ ముదరకముందే ఆమెను మట్టిలో పెట్టాలి. అదీ ఈ పై వరుసలోనే. అంతకు మించి ఈ లోకంతో అతనికి వేరే పని లేదు.

పై వరుస పై వీధి వాళ్ళది. కింద వీధి వాళ్ళకు తుమ్మల పక్కన, వాననీళ్ళు నిలిచే పల్లం. ఎక్కడా రాసి లేదు, రాయక్కర్లేదు. ఆదివారం గుడిలో అందరూ ఒకటేనని గొంతెత్తి పాడతారు. పాతేటప్పుడు మాత్రం ఎవరి వీధి వాళ్ళదే. సీతమ్మ కింద వీధి పిల్ల. ఆమెను చేసుకున్నాక కృపానిధి కాపురమూ అక్కడే.

బెన్హర్ దగ్గరకు వచ్చి ముందు మెత్తగానే చెప్పాడు. ఉజ్జీవ కూటాలు నడుస్తున్నాయి, పై ఊళ్ళ నుంచి ప్రసంగీకులు దిగారు, ఇప్పుడు రచ్చ వద్దన్నాడు. పల్లాన్ని మెరక చేయిస్తానన్నాడు. సంఘం తరఫున సిమెంటు సిలువ పెట్టిస్తానన్నాడు. జవాబుగా గునపానికి మట్టి పెళ్ళలు లేచాయి. దాంతో ఆ మెత్తదనం పోయింది. ఇక్కడ పెడితే పాస్టరు గారు రారు, ప్రార్థన ఉండదు, రేపటి నుంచి నీకు ప్రభువు బల్ల కూడా ఉండదన్నాడు. రొట్టె, ద్రాక్షరసం అందరికీ ఇచ్చి ఒక్కడిని దాటిపోవడమన్నమాట. వెలికి పెట్టిన మంచి పేరు.

కృపానిధి నడుం ఎత్తాడు.

"మొన్న రాత్రి సంస్కరణ దినమని మైకులో లూథరు కథ సెప్పింది తమరే కదా బ్రదర్. పోపు ఎలేసినా బెదరలేదు, నమ్మిన పెతీవోడూ యాజకుడే అన్నాడని. జనం సప్పట్లు కొట్టారు. నానూ కొట్టాను."

"అది వాక్యం. ఇది ఊరు."

"నాను వాక్యమే పట్టుకున్నాను. పాస్టరు గారు రాకపోతే నానే ప్రార్థన సేసుకుంటాను. అయిదో తరగతోడి ప్రార్థన దేవుడికి అర్థం కాదేటి?"

గోతిలోంచి మట్టి ఎత్తిపోస్తున్న సీతమ్మ తమ్ముడు థామస్, ఏడుపు మొహంతోనే నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు. కమిటీలో ఒకాయన దగ్గాడు.

బెన్హర్ మొహం కందిపోయింది. గోతిని ఆనుకుని ఉన్న నల్లరాతి సమాధి మీద చెయ్యి వేశాడు. అంతసేపూ నాలుక మీద ఉన్న బ్రదర్ జారిపోయింది.

"ఒరే, ఇది మా అమ్మ సమాధి. ఇంత తోట ఉండగా దీని పక్కనే కావాలేటి నీకు? ఆ కింద వీధి దాన్ని మా అమ్మ పక్కన ఎలా పడుకోబెడతావురా?"

కృపానిధి గునపాన్ని నేలలో దిగ్గొట్టి, చేతుల మట్టి దులుపుకున్నాడు.

"కోడలు అత్త పక్కన కాక ఇంకెక్కడ పడుకుంటాది, అన్నా?"