సరిగ్గా సరిపోయే సామాను

టెన్షనరూ ఐడ్లరూ మార్చకుండా ఒట్టి బెల్టు వెయ్యనుగాక వెయ్యనని గాజువాక మెకానిక్ ఉదయ్‌కుమార్ తేల్చి చెప్పేశాడు. ఇంజన్ పైమూత తీసి, బీటలు వారిన టైమింగ్ బెల్టు చూపించాడు. బండి లక్ష కిలోమీటర్లు దాటింది కాబట్టి, బెల్టుతోపాటు దాన్ని బిగువుగా పట్టి ఉంచే ఆ రెండు చిన్న చక్రాలు కూడా మార్చాల్సిందేనన్నాడు. అంతవరకూ స్టార్ట్ చెయ్యొద్దనీ, బెల్టు తెగితే ఇంజనే పోతుందనీ భయపెట్టాడు.

బండి అప్పలరాజుది. ఆ కారు స్టీల్‌ప్లాంటు దగ్గర ఒక ఆఫీసుకి కాంట్రాక్టు మీద తిరుగుతోంది. రేపు పొద్దున్న బండి రాకపోతే ఇంకొకరి బండి పెట్టుకుంటామని ఆఫీసువాళ్లు ముందే చెప్పారు. అతని ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి వల్లే.

అయినా సరే, అంత తేలిగ్గా జేబులో చెయ్యి పెట్టే మనిషి కాదు అప్పలరాజు. ఉప్పు ప్యాకెట్టు కూడా బేరమాడకుండా కొనడు. కొత్త సామాను ధర వినగానే మల్కాపురం వైపు పాత బండ్లు విప్పి అమ్మే యార్డు గుర్తొచ్చింది. బామ్మర్ది సన్యాసిరాజుని ఆటో వేసుకుని రమ్మని, దాని వెనక తన కారుని తాడుతో కట్టించాడు.

"సామాను కొని ఇక్కడికే తెచ్చుకోవొచ్చు గదా బావా. బండినెందుకు ఈడ్సుకెళ్లడం?" అన్నాడు సన్యాసిరాజు.

"నీకేటి తెల్సు? అక్కడ కొని అక్కడే బిగించేత్తే కూలీ సగమే అవుద్ది."

యార్డు గేటు లోపల కారు ఆగింది. తాళం బండికే ఉంచమని అక్కడెవరో అంటే ఉంచేసి, సన్యాసిరాజుని పంపేసి, అప్పలరాజు ఓనరు శ్రీరామ్మూర్తి కూర్చునే రేకుల గదిలోకి దూరాడు.

శ్రీరామ్మూర్తి రెండు జతలు చూపించాడు. ఒకటి తుప్పు పట్టి ఉంది. ఇంకోటి చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే గరగరమంది. కాస్త ఓపిక పడితే, ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు తుక్కు కింద అమ్మేసిన అదే మోడలు బండి ఒకటి ఈ రోజు రావాలనీ, అది రాగానే విప్పించి ఇస్తాననీ శ్రీరామ్మూర్తి చెప్పాడు. ఇంకా మొహమైనా చూడని బండి మీద అప్పలరాజు అప్పటికప్పుడు బేరం మొదలుపెట్టాడు. ఇద్దరూ టీలు తాగారు, మాటా మాటా అనుకున్నారు. అప్పలరాజు రెండుసార్లు లేచి వెళ్లిపోబోయి, ఎవరూ పిలవకపోయేసరికి తనే వెనక్కొచ్చాడు. ఎండ నెత్తికెక్కాక, పావు ధరకి బేరం తెగింది.

శ్రీరామ్మూర్తి ఫోన్ తీసి బండి వచ్చిందా అని యార్డు వెనక పనిచేసేవాళ్లని అడిగాడు. వచ్చేసిందని అటునుంచి జవాబు. ముందు టెన్షనరూ ఐడ్లరూ పంపమన్నాడు. కాసేపటికి బండ్లు విప్పే ఎల్లారావు గ్రీజు చేతులతో వచ్చి రెండూ బల్ల మీద పెట్టాడు.

అప్పలరాజు వాటిని చెవి దగ్గర తిప్పి చూశాడు. చప్పుడే లేదు. వెన్నలా తిరుగుతున్నాయి.

"ఎవులోగానీ బండిని బాగా సూసుకున్నారు బాబూ," అన్నాడు మెచ్చుకోలుగా.

ఎవరి బండికి ఏమైందోనని ఒక్క క్షణం జాలేసింది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చేసరికి ఆ జాలి పోయి, రేపటి డ్యూటీ దక్కిందన్న సంతోషం మిగిలింది. కొత్త బెల్టు కూడా అక్కడే కొనుక్కుని, బిగించడానికి ఎల్లారావుని వెంటబెట్టుకుని గేటు దగ్గరకి నడిచాడు.

గేటు దగ్గర కారు లేదు.

అప్పలరాజు అటూ ఇటూ చూశాడు. రోడ్డు మీదకి పరుగెత్తాడు, మళ్లీ లోపలికొచ్చాడు. పట్టపగలు తన బండిని ఎవడో ఎత్తుకుపోయాడంటూ ఎల్లారావు చెయ్యి పట్టుకున్నాడు. స్టార్ట్ చెయ్యకూడని బండి ఎలా పోయిందో అతనికి అర్థం కావడం లేదు.

"నానిక్కడే పెట్టినాను. తాళం కూడా దానికే ఉంచినాను. ఆటోకి తాడు కట్టి తెచ్చిన బండి."

ఎల్లారావు యార్డు వెనక పోగుపడ్డ డోర్ల గుట్ట వైపు ఒకసారి చూశాడు.

"తాడు కట్టి తెచ్చినావా? మా గేట్లోకి తాడుతో వొచ్చిన బండి ఏదైనా ఇప్పడానికే అన్నా. అదే ఇన్సూరెన్స్ బండి అనుకున్నాం. డోర్లు తీసీసినాం, ఇంజన్ కూడా దింపీసినాం. నీ సేతిలో ఉన్నయి దాన్లోయే."