ఏడున్నర అడుగుల బోర్డు

"పొడుగుదా, పొట్టిదా? జెర జల్ది చెప్పండి మేడమ్. పొద్దటి సంది చూసుడే అయితుంది" అన్నాడు దుకాణం యజమాని జయకృష్ణ.

బ్యూలా రెంటినీ మార్చి మార్చి చూసింది. ఆమె చూపు దేని మీద ఆగుతుందా అని పక్కనే ఉన్న శాంతికుమార్ కనిపెడుతున్నాడు.

కార్ఖానా మెయిన్ రోడ్డులో టైర్ల షాపు పైఅంతస్తు అది. నీళ్ల ఆటల సామాను అమ్ముతారు. గోడకి రెండు బోర్డులు ఆనించి ఉన్నాయి. ఒకటి ఏడున్నర అడుగులు, దోనెలాగా సన్నగా. రెండోది ఐదడుగులు, పొట్టిగా, వెడల్పుగా. రెంటికీ అడుగున నాగలికి కర్రులా ఒక కాడ, కాడ చివర రెక్కలు. బోర్డు మీద నిలబడి తెడ్డు వేస్తారు. వేగం అందుకోగానే రెక్కలు నీళ్లలోనే ఉండి, బోర్డు మాత్రం మనిషితో సహా మూరెడు పైకి లేస్తుంది.

బ్యూలా అద్దె బోర్డు మీద అలా లేవడం హుస్సేన్‌సాగర్ గట్టున కూర్చుని ఎన్నో ఉదయాలు చూశాడు శాంతికుమార్. మడిలోంచి కొంగ లేచినట్టు లేస్తుంది. చప్పుడుండదు. నీళ్ల మీద ఆమె నీడ ఒక్కటే ఆమె వెంట పరిగెడుతుంది. ఆమె చెప్పులు ఒళ్లో పెట్టుకుని చూస్తుండేవాడు. ఆ కాసేపూ తన కాళ్లు కూడా నేల మీద ఉన్నట్టుండేది కాదు.

"ఈ రెంటికీ తేడా ఏంటన్నా?" అడిగాడు.

"మస్తు తేడా సార్. మన సాగర్‌ల అలలుండవ్. తెడ్డుతోనే స్పీడ్ అందుకోవాలె. అందుకే గీడ పొడుగుది కావాలె. నేర్చుకునేటోళ్లకు సుత గదే నయం. పొట్టిది సముద్రానికి. అల ఎనకనుంచి నూకుతది, బోర్డు లేస్తది. మన సాగర్‌ల దాన్నేస్తే పొద్దంతా తెడ్డేసినా లెవ్వది. చేతులు గుంజుడే!"

శాంతికుమార్ బోర్డుల నుంచి బ్యూలా వైపు తిరిగాడు.

బేగంపేటలో బ్యూలా పనిచేసే ఆఫీసు ఆమెని విశాఖపట్నం బదిలీ చేసింది. వెళ్తుందో, వద్దంటుందో ఆమె ఇంకా చెప్పలేదు. అతనేమో అల్వాల్ బళ్లో లెక్కల మాస్టారు. రేపటి ఆరాధనలో వాళ్ల పెండ్లి ప్రకటన మొదటిసారి చదవాలి. చదవాలో మానాలో సాయంత్రంలోగా పాస్టరుగారికి చెప్పాలి. 'ఇక్కడే ఉంటావా?' అని అడగబోవడం, నోరు మూసుకోవడం. పొద్దుట్నుంచీ అదే పని.

ఇక అడగక్కర్లేదు. బోర్డే చెబుతుంది. పొడుగుది తీసుకుంటే ఉంటుంది. పొట్టిది తీసుకుంటే వెళ్తుంది.

బ్యూలా పొట్టి బోర్డు దగ్గరికి నడిచింది. ఆవు గంగడోలు నిమిరినట్టు దాని అంచు నిమిరింది. అతను చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"శాంతీ, నీకేది నచ్చింది?"

"ఎక్కేది నువ్వు. నన్నడుగుతావేంటి?"

"అడిగినదానికి చెప్పవయ్యా మాస్టారూ!"

"పొడుగుది" అన్నాడు. 

"నిజంగానే?" ఆమె మొహం వెలిగింది. "అయితే ఎక్కి నిలబడు, చూస్తాను."

"నేనా? నీళ్ల పేరు చెబితేనే నాకు కళ్లు తిరుగుతాయి."

"తివాచీ మీద మునిగిపోతావా ఏంటి?"

జయకృష్ణ నవ్వుతూ అడుగునున్న కాడ విప్పేసి, బోర్డుని తివాచీ మీద పరిచాడు. "ఎక్కండి సార్. మునిగితే నేనున్న."

శాంతికుమార్ చెప్పులు విడిచి ఎక్కాడు. మోకాళ్లు వంచి కళ్లు మూసుకున్నాడు. రోడ్డు మీది హారన్లు ఎక్కడికో తేలిపోయాయి. కింద టైర్ల షాపులో గాలి కొడుతున్న చప్పుడు నీళ్ల మీద తెమ్మెరలా వినిపించింది. అరికాళ్ల కింద ఏదో మెల్లగా వదులైంది. పైన మబ్బులు, కింద మబ్బులు. మధ్యలో తనూ, పక్కనే బ్యూలా. ఎటు పోతున్నారో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

కళ్లు తెరిస్తే, గట్టు మీద కూర్చుని తనామెని చూసే చూపు ఇప్పుడు ఆమె కళ్లలో ఉంది.

"ఇదే తీసుకుంటున్నామండీ" అంది బ్యూలా.

అతను ఒక్క అంగలో దిగి, వరండాలోకి పోయి ఫోన్ చేశాడు.

"వందనాలు అయ్యగారూ. రేపు ప్రకటన చదివెయ్యండి."

"దేవునికి స్తోత్రం! మరి అమ్మాయి బదిలీ సంగతి?"

"ఎక్కడికీ వెళ్లట్లేదండీ. ఇక్కడే."

తిరిగి వస్తుంటే గుమ్మం ఎత్తు కూడా తెలియలేదు. తట్టుకుని పడబోయి నిలదొక్కుకున్నాడు.

"చదవమన్నావా?" అడిగింది బ్యూలా.

"అన్నాను."

"మంచి పని చేశావ్" అంది, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ.

జయకృష్ణ బోర్డుకి అట్ట చుట్టబోయి ఆగాడు. "ఒక్క మాట మేడమ్. పొడుగొక్కటే సరిపోదు, మందం సుత చూడాలె. అది మనిషి బరువును బట్టి ఉంటది. మీరెన్ని కిలోలుంటరు?"

బ్యూలా శాంతికుమార్ వైపు తిరిగింది.

"చెప్పు శాంతీ, నీ బరువెంత? నేను కొనుక్కున్న పొట్టి బోర్డు నిన్ననే రైల్లో విశాఖ వెళ్లిపోయింది."